మట్టి కింద మాగిన ఆకు

అనగనగా ఒక అడవి. అడవి అంటే ఆకాశాన్ని తాకే చెట్లు, గలగల పారే సెలయేళ్ళు అనుకునేరు పిల్లలూ, ఇది అలాంటిది కాదు. ఎర్రటి రాళ్ళ గుట్టలు, వాటి నడుమ ముళ్ళ పొదలు, అక్కడక్కడా సీతాఫలం, మోదుగ చెట్లు. అంతే. వాన వస్తే వచ్చినట్టు, రాకపోతే లేనట్టు. గడ్డి మొలిచినా నాలుగు ఎండలు కాయగానే మాడిపోయేది. కానీ బలుసు పొదలు, రేగు పొదలు మహా మొండివి. వాటి వేళ్ళు రాళ్ళ సందుల్లోంచి ఎక్కడెక్కడికో దిగిపోయి తడిని వెతుక్కునేవి. గడ్డి ఎండిపోయిన చాలా కాలం దాకా అవి పచ్చగానే నిలబడి ఉండేవి.

ఆ గుట్టల్లో ఒక మంద బతుకుతూ ఉండేది. ఒకప్పుడు అవన్నీ ఊళ్ళో పశువులే. పెద్ద కరువు వచ్చింది. కొట్టంలో వేయడానికి పిడికెడు గడ్డి కూడా లేక, రైతులు ఏడుస్తూ కట్లు విప్పి వాటిని అడవికి వదిలేశారు. ఆవులు, బర్రెలు, మేకలు, గొర్రెలు అన్నీ కలిసి ఇప్పుడు ఒకటే ఇల్లు.

మందకు పెద్ద దిక్కు పుల్లక్క అనే ఎర్రావు. ఆమె మాట తీసేసే వాళ్ళు లేరు. మేకల్లో బొల్లి అని ఒకటి ఉండేది. మొహం మీద తెల్లమచ్చ ఉంది కాబట్టి ఆ పేరు. అది ఎక్కని బండ లేదు, తల దూర్చని సందు లేదు. కర్రెన్న ఒక దున్నపోతు. ఒళ్ళు గుట్టంత, మాటలు మాత్రం గుప్పెడు. గొర్రెలకు నాయకుడు సింగన్న అనే పొట్టేలు. మెలితిరిగిన కొమ్ములు, ముక్కు మీద కోపం. చెడ్డవాడు కాదు పాపం. ఓపిక లేనివాడు.

ప్రతి వేసవీ ఆ మందకు గండమే. ఎండలు ముదిరితే పొదలు కూడా ఆకు రాల్చేసి ముళ్ళు మాత్రం మిగుల్చుకునేవి. ఆ ఏడు పుల్లక్కకు పాలు ఎండిపోయి, ఆమె చిన్న దూడ చనిపోయింది. ఆ రోజు నుంచి పుల్లక్క ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. దూడ పడుకున్న చోటికి వెళ్ళి నేలను వాసన చూసి వచ్చేది.

అదే వేసవిలో ఒక సాయంత్రం బొల్లి ఆకు కోసం తిరుగుతూ తిరుగుతూ, ఒక గుట్ట పక్కకు వెళ్ళింది. పోయిన వానాకాలంలో ఆ గుట్ట చరియ విరిగి కిందికి జారింది. అక్కడ ఒక ఏదుపంది ముళ్ళు గలగలలాడిస్తూ నేల తవ్వుతోంది.

"ఏం తవ్వుతున్నావు మామా?" అంది బొల్లి.

"దుంపల కోసమమ్మా. దుంప దొరకలేదు గానీ ఇదిగో, ఈ ఆకు చెత్త తగిలింది. నువ్వు జరుగు, కళ్ళలో మన్ను పడుతుంది" అంది ఏదుపంది.

బొల్లి జరగలేదు. ఆ గుంతలోంచి ఒక వాసన వస్తోంది. పులిసిన మజ్జిగలో పండిన పండు పిసికినట్టు ఉంది. బొల్లి అలాంటి వాసన ఎప్పుడూ చూడలేదు. మెల్లగా మెడ వంచి గుంతలోకి చూసింది.

లోపల ఆకు! పొరలు పొరలుగా అదిమిపెట్టినట్టు ఆకు! చరియ జారినప్పుడు ఒక రేగు పొద మొత్తం దాని కింద పడిపోయింది. పైనున్న చెట్టు నుంచి పండిన సీతాఫలాలు కూడా రాలి దానితో కలిసిపోయాయి. ఆ ఆకు పచ్చగా లేదు. అలాగని ఎండిపోనూ లేదు, కుళ్ళిపోనూ లేదు. తేనె రంగుకు తిరిగి, చెమ్మగా, మెత్తగా ఉంది.

బొల్లి చెవులు నిక్కించింది. "మామా, ఇది పోయిన వానాకాలం ఆకు! పొద మీది ఆకంతా రాలి ఎప్పుడో మన్నయిపోయింది. ఈ ఆకు మట్టిలోనే ఉండి కూడా మట్టి కాలేదే!"

"అయితే ఏంటట?" అంది ఏదుపంది.

బొల్లి మెడ చాచి గుంతలో తల పెట్టింది. ఒక్క ఆకు పెదవులతో పట్టుకుంది. నాలుక మీద పుల్లగా తగిలింది. కొంచెం నమిలింది. ఆ తర్వాత తీపి తెలిసింది. మింగేసి, కడుపు నొప్పి వస్తుందేమోనని మర్నాడు పొద్దున దాకా ఒక బండ మీద కూర్చుంది. ఏమీ కాలేదు. పైగా ఇంకాస్త తినాలనిపించింది.

పరుగున వెళ్ళి పుల్లక్కను, కర్రెన్నను పిలుచుకొచ్చింది. అక్కడ ఉన్నది తలా నాలుగు ముద్దలకు మించి లేదు. తిన్నారు. తిని, ఆ గుంత చుట్టూ నిలబడి లోపలికి తొంగిచూశారు.

పుల్లక్క అంది: "మట్టికి ఇది ఎవరు నేర్పారమ్మా?"

"ఎవరు నేర్పారో నాకు తెలియదక్కా. మనం మాత్రం మట్టి దగ్గర నేర్చుకుందాం" అంది బొల్లి.

బొల్లి ఆ గుంతను వదలలేదు. ముక్కు పెట్టి అంతా వెతికింది. బండ పడి గట్టిగా నొక్కిన చోట ఆకు బంగారంలా ఉంది. పక్కన మట్టి బీటలు వారిన చోట మాత్రం ఆకు నల్లగా, జిగటగా, బూజు పట్టి ఉంది.

"చూశావా కర్రెన్నా? గాలి దూరిన చోట కుళ్ళింది. గాలికి సందు లేని చోట మాగింది."

కర్రెన్న తల ఊపాడు.

*

వానలు వచ్చాయి. అంత గొప్ప వానలు కావు, ఆ గుట్టలకు అవే ఎక్కువ. బలుసు, రేగు పొదలు పొంగినట్టు చిగురించాయి. మంద కడుపు నిండా తింది. పుల్లక్క మళ్ళీ చూలుతో ఉంది.

వానలు వెనకపట్టి, సీతాఫలాలు పక్వానికొచ్చి కళ్ళు విప్పే కాలం రాగానే బొల్లి అందరినీ పిలిచింది.

"ఇప్పుడు పొదల నిండా ఆకు ఉంది. సగం తిందాం. సగం మట్టిలో దాచుదాం. వేసవిలో తీసుకుందాం."

సింగన్న కాలితో నేలను కొట్టాడు. "బాగుంది! చచ్చినదాన్ని పూడ్చిపెడతారు గానీ, పచ్చటి మేతను ఎవరైనా పూడ్చిపెడతారా? నోటి ముందు ఉన్నది వదిలేసి ఎప్పుడో వచ్చే ఎండల కోసం ఏడవమంటావా?"

కొన్ని గొర్రెలు అవునవును అన్నాయి. కొన్ని మేకలు కూడా తలలు ఊపాయి. అందరి చూపూ పుల్లక్క మీదికి తిరిగింది.

పుల్లక్క నెమ్మదిగా లేచి నిలబడింది. "నా కడుపులో ఒక ప్రాణం ఉంది. పోయిన వేసవిలో దాని అన్నను నేను కాపాడుకోలేకపోయాను. మట్టి చేసిన పనిని నా కళ్ళతో చూశాను, నా నోటితో తిన్నాను. నేను దాస్తాను. ఇష్టమున్న వాళ్ళు నాతో రండి."

అలా పని మొదలైంది.

ఏదుపంది తన చుట్టపక్కాలను తీసుకొచ్చి, సుద్దమట్టి నేలలో మేత దాచడానికి లోతైన పాతర తవ్వింది. మేకలు పొదలెక్కి లేత కొమ్మలు విరిచాయి. ఆవులు వాటిని నోట కరచుకొని ఈడ్చుకొచ్చాయి. ఒక పూట బండ మీద ఎండలో పరిచి, నీరు కాస్త లాగేశాక, చిన్న చిన్న ముక్కలుగా కొరికి పాతరలో వేయాలి. అన్నిటికన్నా కష్టమైన పని అదే! నోట్లోకి వచ్చిన కమ్మటి ఆకును మింగకుండా ఉమ్మేయాలి మరి.

బొల్లి పిల్ల ఒకటి కళ్ళు తేలేసి, "అమ్మా, నేను మింగలేదే! దానంతట అదే లోపలికి పోయింది!" అంది.

అందరూ నవ్వారు. పుల్లక్క కూడా నవ్వింది. ఆమె నవ్వగా చూసి మందకు ఎన్నాళ్ళయిందో.

ఆకు ఒక వరుస వేయగానే దాని మీద పండిన సీతాఫలాలు వేసేవారు. అప్పుడు కర్రెన్న పాతరలోకి దిగేవాడు. ఆ బరువంతా కాళ్ళ మీద మోపి, గుండ్రంగా తిరుగుతూ తొక్కేవాడు. మోకాలి లోతున్న ఆకు గిట్ట లోతుకు దిగేది. మళ్ళీ ఆకు, మళ్ళీ పళ్ళు, మళ్ళీ తొక్కుడు.

"కాళ్ళు నొప్పులు పుట్టడం లేదా కర్రెన్నా?" అని అడిగింది బొల్లి.

"పుడుతున్నాయి" అన్నాడు కర్రెన్న. తొక్కుతూనే ఉన్నాడు.

పాతర నిండింది. పైన మోదుగాకులు దట్టంగా పరిచారు. తర్వాత బర్రెలన్నీ కుంటలోకి దిగి, ఒంటి నిండా బురద పూసుకొచ్చి, పాతర మీద పొర్లాయి. ఆ బురద ఎండి గట్టి మూతయింది. ఎక్కడ బీట కనిపించినా బొల్లి తడిమట్టి తెచ్చి పూసేది.

ఇదంతా చూసిన సింగన్నకు లోపల బెంగ పుట్టింది. 'ఒకవేళ బొల్లి చెప్పింది నిజమైతే?' అనుకున్నాడు. కానీ అందరి ముందు కాదన్నవాడు ఇప్పుడు వాళ్ళ పాతర దగ్గరికి ఎలా వెళతాడు? తన గొర్రెలతో కలిసి గుట్ట అవతల వేరుగా ఒక గుంత తవ్వించాడు. ఆకు నింపారు, పళ్ళు వేశారు, వాళ్ళకు చేతనైనంత తొక్కారు, మట్టి కప్పారు. అంతవరకూ బాగానే ఉంది.

కానీ ఓపిక లేదని చెప్పాను కదా!

కొన్నాళ్ళకే సింగన్న తన గుంత మీద కాలు పెట్టి చూశాడు. నేల వెచ్చగా తగిలింది. "అయ్యో, లోపల ఏదో ఉడుకుతోంది!" అని కంగారుపడి మూత తీశాడు. ఆకు బాగానే ఉంది. మళ్ళీ మూశాడు.

ఇంకొన్నాళ్ళకు మళ్ళీ మనసు ఆగలేదు. తెరిచాడు. పుల్లటి వాసన అప్పుడే మొదలవుతోంది. "ఒక్క ముద్ద తింటే ఏమవుతుందిలే" అని గొర్రెలన్నిటికీ తలా కాస్త పెట్టాడు. మళ్ళీ మూశాడు. ఈసారి మూత సరిగ్గా అతకలేదు.

మూడోసారి తెరిచేసరికి ముక్కు మూసుకోవలసి వచ్చింది. ఆకంతా నల్లగా, జిగటగా, పురుగులతో కదులుతోంది.

నిజం చెప్పాలంటే బొల్లికి కూడా మనసు ఊరుకోలేదు. అది రోజూ వెళ్ళి పెద్ద పాతర మూత మీద చెంప ఆనించేది. మట్టి లోపలి నుంచి సన్నటి వెచ్చదనం తగిలేది. ఎవరో లోపల మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. 'ఒక్క మూల, ఒక్క గిట్టంత తెరిస్తే?' అనిపించేది. ఒక రోజు గిట్ట ఎత్తింది కూడా.

అంతలో కర్రెన్న వచ్చి సరిగ్గా ఆ చోటే కూలబడ్డాడు.

"కాస్త జరుగు కర్రెన్నా."

"జరగను."

"ఊరికే వాసన చూద్దామనే."

"వేసవిలో చూద్దువు గానీ" అన్నాడు కర్రెన్న, కళ్ళు మూసుకొని నెమరు వేస్తూ.

*

వేసవి వచ్చింది. పోయిన ఏటికన్నా ఘోరంగా వచ్చింది. గడ్డి పోయింది, పొదలు ముళ్ళయ్యాయి, కుంట అడుగున మోకాలెత్తు నీళ్ళు మాత్రం మిగిలాయి. పక్కటెముకలు లెక్కపెట్టగలిగేంతగా మంద చిక్కిపోయింది. పుల్లక్కకు నెలలు నిండాయి. లేవాలంటే ముందు కాళ్ళు వణుకుతున్నాయి.

"ఇక పాతర తెరుద్దాం" అంది బొల్లి.

అప్పుడు సింగన్న తల దించుకొని ముందుకు వచ్చాడు. నోట కరచుకొచ్చిన నల్లటి ముద్దను అందరి ముందూ పడేశాడు. గుప్పున కంపు కొట్టింది.

"మేమూ దాచాం. ఇదిగో, ఇలా అయింది. మీ పాతరలోనూ ఇదే ఉంటుంది. దాన్ని నమ్ముకొని ఇక్కడ కూర్చుంటే అందరం పోతాం. గుట్టలు దాటి ఏటి వైపు పోదాం పదండి. అక్కడ పచ్చిక ఉందేమో" అన్నాడు.

మందలో గొల్లుమని ఏడుపు లేచింది. బొల్లి ఆ ముద్దను ముక్కుతో తిరగేసి చూసింది. నిజంగానే లోపల అదే ఉంటే? తన మాట నమ్మి ఇంతమంది నోటిదాకా వచ్చిన ఆకును వదులుకున్నారే!

"ఏటి దాకా నేను నడవలేను" అంది పుల్లక్క. "పోయేవాళ్ళు పోండి. నేను తప్పు పట్టను. బొల్లీ, నువ్వు తెరువమ్మా. బాగుంటే తిందాం. బాగాలేకపోతే ఆ మాట అప్పుడు అనుకుందాం."

సింగన్న తన గొర్రెలను తోలుకొని గుట్టల వైపు వెళ్ళిపోయాడు. మిగతా వాళ్ళు పాతర చుట్టూ చేరారు.

మిట్ట మధ్యాహ్నం. ఎండ తెల్లగా కాస్తోంది. బొల్లి గిట్టలతో మూత పగలగొట్టింది. మట్టి పెళ్ళలు లేచాయి. కింద మోదుగాకులు పొడి పొడి అయ్యాయి. వాటి కింద ఆకు కనిపించింది.

నల్లగా ఉంది. బూజు పట్టి ఉంది.

ఒక ముసలి బర్రె మొహం తిప్పుకుంది. బొల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా గిట్ట ఆపలేదు. ఆ నల్లటి పొరను పక్కకు గీకింది. అది మందంగా లేదు. కింద గిట్ట దిగనంత గట్టిగా ఏదో తగిలింది. కర్రెన్న వచ్చి కొమ్ముతో ఒక్కసారి పెళ్ళగించాడు.

వాసన వచ్చింది.

పిల్లలూ, ఆ వాసన ఎలా వచ్చిందని! ముందు పుల్లగా, వెనక తియ్యగా, ఆ వెనక వానలో తడిసిన పొదలా. ఆ ఎండలో, ఒక్క పచ్చని ఆకు కూడా లేని ఆ అడవిలో, వానాకాలం మొత్తం ఆ గుంతలో పడుకొని ఇప్పుడే లేచినట్టు ఉంది. లోపల పొరలు పొరలుగా బంగారు రంగు ఆకు. ఎంత లోతు తవ్వినా ఆకే. గిట్టతో నొక్కితే చెమ్మగా ఉంది.

ఆకలితో చచ్చిపోతున్న మంద, పిల్లలూ! ఎగబడాలి కదా? ఎవరూ ఎగబడలేదు. నోరు తెరుచుకొని అలా చూస్తూ ఉండిపోయారు. బొల్లి పిల్లలు తల్లి కాళ్ళ సందులోంచి తొంగిచూస్తూ కదలకుండా నిలబడ్డాయి. పిట్టలు వచ్చి ముళ్ళకొమ్మల మీద వాలాయి.

పుల్లక్క మెల్లగా మోకాళ్ళ మీద వంగి, మూతిని ఆ ఆకుకు ఆనించింది. కళ్ళు మూసుకుంది.

"మనం వేసింది ఆకు" అంది సన్నగా. "లోపల ఇంత పని జరిగింది. మన కళ్ళకు ఒక్కరోజు కనిపించలేదు, మన చెవులకు ఒక్కరోజు వినిపించలేదు."

అప్పుడు తిన్నారు. బొల్లి రోజుకు ఒక వారగా మాత్రమే తీయనిచ్చేది. తీసిన చోట వెంటనే తడిమట్టి కప్పించేది. కొంచెమే అయినా ఒంట్లో బలం పట్టింది. పెయ్యల కళ్ళలో మెరుపు వచ్చింది. ఒక తెల్లవారుజామున పుల్లక్క ఈనింది. పెయ్యదూడ. వణుకుతున్న కాళ్ళ మీద లేచింది, పడింది, మళ్ళీ లేచింది. తల్లి పొదుగు వెతుక్కుంది. పొదుగులో పాలున్నాయి!

దూడ మూతి నుంచి నురుగు కారుతుంటే మంద మొత్తం పనులు మాని చూసింది.

మరికొన్ని రోజులకు గుట్ట మీద గొర్రెలు కనిపించాయి. తూలుతూ దిగుతున్నాయి. ఏరు ఎండిపోయిందట. ఒడ్డున ఇసుక తప్ప ఏమీ లేదట. సింగన్న దూరంగానే ఆగిపోయాడు.

బొల్లి ఎదురు వెళ్ళింది. "అక్కడే నిలబడ్డావేం అన్నా?"

"ఏ మొహం పెట్టుకొని రాను? నా ఆకు నేను కుళ్ళబెట్టుకున్నాను. మీ ఆకు కూడా కుళ్ళిందని చెప్పి అందరినీ బెదరగొట్టాను" అన్నాడు సింగన్న. వాడి కొమ్ములు ఎప్పుడూ అంత కిందికి దిగలేదు.

"ఆకు తప్పేం లేదన్నా. గాలికి దారి ఇచ్చావు, అంతే. గిట్ట ఎత్తిన పాపం నాకూ ఉంది. నా అదృష్టం, నేను తెరవబోయిన చోటే కర్రెన్న కూర్చున్నాడు. రా, పిల్లలు ఆకలితో ఉన్నాయి."

"వాళ్ళకు పెడితే మనకు చాలుతుందా?" అని మేకల్లో ఎవరో గొణిగారు.

పుల్లక్క దూడను నాకుతూ తల ఎత్తింది. "అందరం తలా ఒక ముద్ద తగ్గించుకుందాం" అంది. అంతటితో ఆ మాట అయిపోయింది.

సింగన్న ఆ బంగారు ఆకును నోట పెట్టుకున్నాడు. నమలడం మరిచిపోయి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత పాతర అంచు నుంచి అడుగు దాకా, పొర పొరా చూశాడు. ప్రతి పొర మీదా కర్రెన్న గిట్టల గుర్తులు ఇంకా ఉన్నాయి.

ఆ వేసవిలో మందలో ఒక్క ప్రాణం పోలేదు. పాతర అడుగున ఇంకా కాస్త ఆకు మిగిలి ఉండగానే తూర్పున మబ్బు పట్టింది. మొదటి చినుకు దూడ ముక్కు మీద పడితే అది ఉలిక్కిపడి తల్లి కిందికి దూరింది. అన్నీ నవ్వుకుంటూ తడిశాయి.

వాన వెలిశాక సింగన్న కర్రెన్న దగ్గరికి వెళ్ళి, పక్కన కూర్చున్నాడు.

"కర్రెన్నా, ఈ ఏడు నాతో పాటు నా గొర్రెలన్నీ తొక్కడానికి వస్తాయి. పాతర ఇంకాస్త పెద్దది తవ్వుదామా? అవతలి గుట్టల్లో జింకలు ఉన్నాయి. వాటికి కూడా చాలాలి."

కర్రెన్న ఎప్పటిలాగే తల ఊపాడు. తర్వాత ఏమనుకున్నాడో, జీవితంలో మొదటిసారి రెండు మాటలు ఎక్కువ మాట్లాడాడు.

"తవ్వుదాం తమ్ముడూ. రేపే మొదలుపెడదాం."

నీతి: ఉన్న రోజుల్లో దాచుకోవడం సగం పనే. దాచినదాన్ని తొందరపడి కదపకుండా, నమ్మకంతో కాచుకోవడం మిగతా సగం.